చాటెడు తవుడు

పోయిన వారం మనం చంద్రభాగ ఫోన్ పెట్టేసిన చోట ఆగాం. కోడలికి ఆమె ఒక్క మాటే చెప్పింది. మాజీ కోడలు అనాలేమో గానీ, చంద్రభాగకు ఆ మాట ఇప్పటికీ నోరు తిరగదు. "నేనొస్తున్న. నేను చెప్పేది ఇనకుంట వకీలు కాడికి పోవద్దు," అని పెట్టేసింది. ఆ తర్వాత ఆరతి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం సంగతి మళ్లీ చెప్తున్నాను, తెలిసిన వాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఆరతి మొదటి భర్త మంగేశ్ కామెర్లతో పోయి ఆరేళ్లయింది. వాళ్ల కూతురు ప్రణాలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. అశోక్ చౌక్ దగ్గర మరమగ్గాలు నడిపే సాయిలును ఆరతి రెండేళ్ల కిందట మనువాడింది. పిల్ల అతన్ని 'కాక', అంటే బాబాయి, అనే పిలుస్తుంది. సోలాపూర్ బడుల్లో హాజరీ పిలిచేటప్పుడు పిల్ల పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు కలిపి పిలుస్తారు. ఒక సాయంత్రం ప్రణాలి బడి నుంచి వచ్చి సంచి దించకుండానే, "నా పేరు నడుమ కాక పేరు పెడ్తరా?" అని అడిగింది. నాన్నా అని పిలవడానికి ఆ పిల్లకు ఇంకా నోరు రాలేదు గానీ పేరు మాత్రం కావాలనుకుంది. సాయిలు ఆ రోజు అన్నం సరిగా తినలేదు. మర్నాడే వకీలు ఫోన్ నంబరు సంపాదించాడు.

దత్తత తీసుకోవాలి. అందుకు వకీలమ్మను కలవాలి. రేపు పొద్దున రమ్మంది.

ఆ రేపటి కోసం ఆదివారం మధ్యాహ్నం కుంభారి కాలనీలోని ఆరతి వాళ్ల ఇంట్లో ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఏర్పాట్లంటే పెద్దవేం కాదు. సాయిలు తన చొక్కాల్లో ఏది మంచిదో తేల్చుకోలేక రెండూ ఉతికి తాడు మీద వేశాడు. ఆరతి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. రేపు పని ఆగుతుంది కనుక ఆగే పని కూడా ఇవాళే చెయ్యాలి. ఇద్దరికీ నిద్ర చాలదు. అతనిది రాత్రి పాళీ. ఆమెకు పాళీ అంటూ లేదు, లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఒకటే.

వకీలమ్మ ఫోన్లో మరాఠీలో గట్టిగానే చెప్పింది. ఏమేం అడుగుతానో ముందే ఇంట్లో మాట్లాడుకుని రండి, నా ముందు కూర్చుని మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకోవద్దు, అబద్ధం అసలే వద్దు అంది. సాయిలుకు ఆ మాటలు బాగా పట్టాయి. గోడకు వీపు ఆనించి, కళ్లు సగం మూసుకుని, తనే వకీలమ్మ గొంతు పెట్టాడు.

"పిల్లను కన్నతండ్రి ఏడున్నడు?"

"పోయిండు."

"పోయిండంటే? మంచిగ చెప్పు. పుణెకు పోయిండా, ముంబైకి పోయిండా?"

ఆరతి తలెత్తి చూసింది. సాయిలు నాలిక కరుచుకున్నాడు. "గట్లనే అడుగుతదట. మొన్న మా మగ్గాల ఎల్లయ్య చెప్పిండు."

"సచ్చిపోయిండు అని చెప్త. కాయిదం ఉన్నది. ఇంకేంది?"

"తండ్రి తరపోళ్లు అడ్డం పడ్తరా?"

"అత్త వస్తున్నది గద. వస్తే తెలుస్తది."

"పిల్లను ఇంతకు ముందుగాల ఎవరికన్న ఇచ్చిండ్రా?"

"లే..."

లేదు అనబోయిన ఆరతి నోరు అక్కడే ఆగింది. చేతిలో చుట్టిన బీడీకి దారం వేయకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. ఆకు మెల్లగా విప్పుకుంది.

"ఏమైంది?" అన్నాడు సాయిలు, ఈసారి తన గొంతుతోనే.

"ఏం లేదు. కుప్ప సంగతి యాదికొచ్చింది."

"ఏ కుప్ప?"

ఇది సాయిలుకు తెలియని సంగతి. ప్రణాలి కంటే ముందు ఆరతికి ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ పురిటి స్నానం కాకముందే పోయారు. మూడో కాన్పుకు చంద్రభాగ తమ పాత పల్లె పద్ధతి బయటికి తీసింది. పుట్టిన పిల్లను పెంటకుప్ప మీద పడుకోబెట్టాలి. మాకొద్దు అని వదిలేసి రావాలి. దారిన పోయే మరో ఆడమనిషి ఆ పిల్లను ఎత్తుకోవాలి. దొరికిన పిల్ల కనుక ఆమెదైపోతుంది. అప్పుడు కన్నతల్లి పోయి, చాటెడు తవుడు ఇచ్చి, ఆ పిల్లను కొనుక్కుని తెచ్చుకోవాలి. పిల్లలను ఎత్తుకుపోయే మృత్యువుకు ఇది ఎవరి పిల్లో తెలియకుండా చేయడమన్నమాట. తెలంగాణ పల్లెల్లో పెంటయ్యలూ తవిటయ్యలూ ఇలా మిగిలిన వాళ్లే. అప్పట్లో వాళ్లుండే జోడ్‌భావి పేటలో పెంటకుప్ప ఎక్కడ దొరుకుతుంది? మగ్గాల షెడ్డు వెనక ఊడ్చి పోసిన దూదీ, తెగిన నూలు పోగులూ, చాయ్ గ్లాసులూ ఉన్న కుప్ప మీదే కానిచ్చారు. పిల్ల ఒంటికి ఎర్రపోగులూ పచ్చపోగులూ అంటుకున్నాయని, అవి తీయడానికి సాయంత్రం దాకా పట్టిందని చుట్టుపక్కల వాళ్లు చాలాకాలం నవ్వుకున్నారు. ఎత్తుకున్నది పక్కింటి కిష్టయ్య భార్య కమల.

సాయిలు అంతా విని ముసిముసిగా నవ్వాడు. "గిది గూడ వకీలమ్మకు చెప్తవా?"

"అబద్ధం వద్దన్నది."

"మల్ల కొనుక్కున్నరు గద?"

"నేను జరంల ఉంటి. లేస్తలేను, కూసుంటలేను. అత్తనే తౌడిచ్చి తెచ్చిన అన్నది."

"అయిపాయె మరి. కొన్నంక మనదే." అతను ఆవులించాడు. "ఇచ్చిండ్రా అంటే లేదని చెప్పు. బస్."

ఆరతి విప్పుకున్న ఆకును మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

చంద్రభాగ వచ్చేసరికి సాయిలు కూర్చున్న చోటే కునికిపాట్లు పడుతున్నాడు. ఊళ్లోంచి కుంభారికి బస్సు దొరకడమే కష్టం, దొరికినా దిగిన తర్వాత ఒకే రకం ఇళ్ల మధ్య ఏ వరుస మనదో కనుక్కోవడం ఇంకా కష్టం. ఆమె రెండు వరుసలు తప్పు తిరిగి వచ్చింది. చేతిలో గుడ్డ మూట. గడపలో నిలబడి ఊపిరి తీసుకుంటుంటే ప్రణాలి "ఆజీ!" అని పోయి నడుము పట్టుకుంది.

"పెంటవ్వా, సన్నగైనవ్ బిడ్డా," అంది చంద్రభాగ. ఆ పిల్లను ఆమె ఎప్పుడూ ఆ పేరుతోనే పిలుస్తుంది. "జర తృప్తోళ్ల ఇంట్ల ఆడుకోపో. మీ అమ్మతోని మాట్లాడేదున్నది."

పిల్ల మొహం చిన్నబుచ్చుకుని పోయింది. సాయిలు లేచి కుర్చీ వేశాడు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, మూట పక్కన పెట్టుకుని నేల మీదే కూర్చుంది. నీళ్లు తాగింది. చెంబు కింద పెట్టింది.

ఆరతి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నా కొడుకు పేరు తుడిచేస్తారా అని అత్త అడిగితే ఏం చెప్పాలో నాలుగు రోజులుగా బీడీ బీడీకీ అనుకుంటూ ఉంది. అత్తా, మంగేశ్‌ను ఎవరు మరిచిపోతారు, పేరు పిల్ల అడిగింది, మేం కాదు. అదీ జవాబు. అత్త అడగకముందే మొదలుపెట్టేసింది.

"అత్తా, పేరు సంగతి ఐతే..."

"పేరు కోసం కొట్లాడనీకె రాలే," అంది చంద్రభాగ. "ఏడ్సిన. లేదంట లేను. నా కొడుకు పేరు పిల్ల పక్కన గూడ లేకుంట పోతదని కూడు ముట్టకుంట ఏడ్సిన. మల్ల ఆకలైంది, తిన్న. గది అయిపాయె. నడుమల ఏ పేరన్న పెట్టుకోండ్రి."

సిద్ధం చేసుకున్న జవాబు ఆరతి నోట్లోనే మిగిలిపోయింది. "మరి ఎందుకు ఆగమన్నవ్?"

"నువ్వు ఇస్తనంటున్నవ్, ఈయన తీస్కుంటనంటున్నడు. నువ్వెట్ల ఇస్తవ్ ఆరతీ? ఆ పిల్ల నీది కాదు."

సాయిలుకు నిద్ర పూర్తిగా వదిలింది.

"ఏమంటున్నవ్ అత్తా?"

"కమల ఎత్తుకున్నది. నేను కొనలే."

పక్క ఇంట్లో టీవీలో ఎవరో నవ్వుతున్నారు. చంద్రభాగ కొంగుతో మెడ తుడుచుకుని, మొదలుపెట్టింది గనుక ఇక ఆపడం దేనికన్నట్టు చెప్పుకుంటూ పోయింది.

"తౌడు తీస్కొనే పోయిన. కమల పిల్లను ఒళ్లె పెట్టుకోని కూసున్నది. పిల్ల నిద్రపోతున్నది, మంచిగ ఊపిరి తీస్తున్నది. కొంటే మాదైతది. మాదైన పిల్లలను ఇద్దరిని మట్టిల పెట్టొచ్చిన నేను. మూడోపారి పోనీకె నాకు కాళ్లు లేకుండె. 'కమలా, పిల్ల నీదే, పాలకోసం తీస్కపోతున్న' అని చెప్పి తెచ్చిన. నీకేమో కొన్న అని చెప్పిన. తౌడు ఆవుకు ఏసిన."

"తొమ్మిదేండ్లు," అంది ఆరతి. "తొమ్మిదేండ్లు నాకు చెప్పలే."

"చెప్తే కొంటుంటివి."

"కొంటే ఏమైతుండె?"

"నాకేం ఎరుక ఏమైతుండెనో? పిల్ల బతికింది. అంతే ఎరుక." చంద్రభాగ మూటను దగ్గరికి లాక్కుంది. "సావు పిల్లను ఎతుక్కుంట వచ్చిందనుకున్న. మా ఇంట్ల పిల్ల దొరకకపాయె. దొరకలేదని కొడుకును పట్టుకపోయింది. నేను దాచిపెట్టినందుకే పోయిండేమో అని ఆరేండ్ల సంది అనుకుంటనే ఉన్న. గీ మాట ఎవరికి చెప్పాలె నేను?"

ఆరతికి కోపం రావాలి. వస్తుందేమోనని తనే ఎదురుచూసింది. రాలేదు. కోపం రావలసిన చోట అలసట వచ్చి కూర్చుంది, ఎప్పటి నుంచో ఉన్న అలసటే, ఇవాళ ఇంకాస్త బరువుగా. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడు అర్థమైంది. కుప్ప మీద దొరికిన పిల్ల పెంటవ్వ. తవుడిచ్చి కొనుక్కున్న పిల్ల తవిటవ్వ. అత్త ఈ తొమ్మిదేళ్లలో ఆ పిల్లను ఒక్కసారి కూడా తవిటవ్వా అని పిలవలేదు. ముద్దుకు పిలుస్తోందని అందరూ నవ్వారు గానీ ఆమె లెక్కప్రకారమే పిలుస్తూ వచ్చింది.

సాయిలు కాస్త ముందుకు జరిగాడు. "అవ్వా, తప్పుగ అనుకోకు. గివన్ని కోర్టుల నడవయి. వకీలమ్మకు చెప్తే నవ్వుతది."

"నవ్వనీ. ఆమె నవ్వితే పిల్ల నీదైతదా?"

సాయిలు ఆరతి వంక చూశాడు, ఆరతి అతని వంక చూసింది. వకీలమ్మ వద్దన్నది సరిగ్గా ఇదే.

"నా చేతుల లేనిదాన్ని ఎట్ల ఇయ్యాలె నేను?" అంది ఆరతి, ఎవరితో అంటోందో తెలియకుండా. "ఎవరికన్న ఇచ్చిండ్రా అని అడిగితే లేదని నోరెట్ల వస్తది?"

"నువ్వు గూడ గట్లనే మాట్లాడ్తవా?"

"నాకు నమ్మకం ఉన్నదో లేదో నాకే ఎరుక లేదు. కని జరంల పడుకున్న. పాలిచ్చుకుంట, బట్టలుతుక్కుంట సాదిన. గిప్పుడు ఆ పిల్లకు నేనెవరు? పాలిచ్చిన దాయినా?" గొంతు పైకి లేవకుండానే కళ్లు నిండాయి. ముంజేతితో తుడుచుకుంది, పొగాకు వేళ్లు కళ్లకు తగలకుండా.

సాయిలు ఆమె ఒళ్లోంచి చాట తీసి పక్కన పెట్టాడు. అంతకంటే ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. "మరేం చేద్దం అవ్వా? నువ్వే చెప్పు," అన్నాడు.

చంద్రభాగ మూట ముడి విప్పింది. లోపల తవుడు. దారిలో పిండి గిర్నీ దగ్గర కొన్నదట, తాజాది, ఇంకా గోధుమ వాసన వస్తోంది.

"అందుకే వచ్చిన. నేను పోతే గీ సంగతి చెప్పేటోళ్లు ఉండరు. ఇయ్యాల కొందం, రేపు ఇచ్చుకో. కమలను తోలుకొచ్చిన, గల్లి మొగన కూసోబెట్టిన. నీతోని మాట్లాడినంక పిలుద్దమని."

పిలవవలసిన అవసరం రాలేదు. బయట చెప్పుల చప్పుడు, ప్రణాలి గొంతు వినిపించాయి. "అమ్మా, చూడు ఎవరొచ్చిండ్రో! మా స్కూల్ కాడ జామకాయలమ్మే అవ్వ! నాకు రోజు ఉప్పుకారం ఎక్కువేసి ఇస్తది." పిల్ల ఒకామె చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది.

ఆ చెయ్యి కమలది. ఆరతి ఆమెను చూసి ఆరేళ్లయింది. కిష్టయ్య పోయిన తర్వాత జుట్టు బాగా నెరిసింది, మనిషి సగమైంది. కాళ్ల మీది దుమ్ము చూస్తే ఇవాళ చాలా నడిచినట్టుంది.

"కమలక్కా," అంది ఆరతి. "జోడ్‌భావి పేట నుంచి గింత దూరం వచ్చి అమ్ముతున్నవా?"

"ఈడ పిల్లలు మంచిగ కొంటరు," అంది కమల, తలుపు వంక చూస్తూ.

చంద్రభాగ మొహం చూస్తే ఈ సంగతి ఆమెకూ కొత్తదని తెలిసిపోయింది. జోడ్‌భావి పేటలో ఇంటి ఎదురుగానే బడి ఉంది. జామకాయలు అమ్మడానికి బస్సెక్కి కుంభారి రావలసిన పని ఎవరికీ లేదు. సాయిలు ఇంకా లెక్క కట్టుకుంటూనే ఉన్నాడు గానీ ఆమె పిల్లను చూడడానికే వస్తోందని అత్తాకోడళ్లిద్దరికీ అర్థమైపోయింది. కానీ ఆ మాట ఎత్తితే ఇవాళ్టి పని కాదు. చంద్రభాగ గబగబా చాటలోని ఆకులూ పొగాకూ కాగితం మీద గుమ్మరించి, అందులో తవుడు పోసి ఆరతి చేతికిచ్చింది.

"పెంటవ్వా, జామకాయల అవ్వ ఒళ్లె కూసో. ఒక ఆట ఆడుదం. ఆరతీ, మూడుపార్లు అడగాలె. రెండుపార్లు ఇయ్య అంటది. మూడోపారి ఇస్తది. మన తాన గట్లనే నడుస్తది. కమలా, నీకెరుకే గద?"

కమల తలూపింది. గోడ వారగా కూర్చుని ఒడి సవరించుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ ఒళ్లో ఎక్కడ పడుతుంది? ప్రణాలి కాళ్లు బయటికి చాపి, చాటలోంచి లేచిన పొగాకు ఘాటుకు తుమ్మి, పకపకా నవ్వింది. ఆ నవ్వుకు సాయిలు కూడా నవ్వాడు. ఇంట్లో ఆ రోజు అందరి మొహాలూ తేలికపడింది ఆ కాసేపే. ఇదైపోతే స్నానం చేసి పడుకోవచ్చు, పొద్దున్నే బస్సెక్కవచ్చు అని ఆరతి అనుకుంది.

చాట పట్టుకుని ఎదురుగా నిలబడింది. "ఈ పిల్లెవ్వరిది?"

"నాది," అంది కమల. "కుప్ప మీద దొరికింది."

"చాటెడు తౌడిస్త. ఇస్తవా?"

"ఇయ్య."

"చాటెడు తౌడిస్త. ఇస్తవా?"

"ఇయ్య."

ప్రణాలికి ఆట నచ్చింది. తర్వాత ఏమంటుందోనని తలెత్తి కమల మొహంలోకి చూసింది. చంద్రభాగ పిల్లను అందుకోవడానికి అప్పుడే చేతులు చాపింది.

"చాటెడు తౌడిస్త కమలక్కా," అంది ఆరతి. గొంతులో ఆట పోయింది, అడుక్కుంటున్నట్టే వచ్చింది. "ఇస్తవా?"

పిల్ల నడుము చుట్టూ ఉన్న కమల రెండు చేతులూ ఇంకాస్త దగ్గరికి జరిగాయి. ప్రణాలి నవ్వు ఆపేసింది.

"ఇయ్య."

"కమలా," అంది చంద్రభాగ. "మూడోపారి అయింది. మరిసినవా?"

"మరువలే వదినా. తొమ్మిదేండ్ల సంది మీరు మరిసిండ్రు, నేను మరువలే." ఆమె మొదటిసారి తలెత్తి ఆరతి కళ్లలోకి సూటిగా చూసింది. "తౌడుకు ఇయ్య. రేపు మీ వకీలమ్మ కాడికి నేను గూడ వస్త. ఇచ్చుడో, ఇయ్యకపోవుడో, ఆడ చెప్త."